నేరం బండిది

మా పిన్ని కూతురు ఫోను చేసి, "అక్కా, మీ మరిది పేపర్లో వేలం ప్రకటన చూసినప్పట్నుంచీ నిద్రపోవటం లేదు. నువ్వొచ్చి కాస్త మంచీ చెడ్డా చెప్పు" అంది. మంచీ చెడ్డా చెప్పటానికి వెళ్ళినదాన్ని, భోజనాలయ్యాక వాళ్ళ వెనకాలే ఎక్సైజు ఆఫీసు దొడ్లోకి నడిచాను. కేసుల్లో పట్టుబడ్డ బండ్లు వేలం వేస్తున్నారనీ, ముందురోజు వచ్చి చూసుకోవచ్చుననీ ప్రకటనలో వుందట. చూసుకోవటానికి డబ్బులక్కర్లేదు గదా!

అలాంటి దొడ్లు మీరూ చూసే వుంటారు. ఒకదాన్నొకటి ఆనుకుని తుప్పుపట్టిన మోటారు సైకిళ్ళు, చక్రాల పుల్లల్లోంచి పైకి పాకిన తీగలు, అద్దాలు పగిలిన జీపు, పాలవ్యాను, వాటి మధ్య నీడ చూసుకుని పడుకున్న కుక్కలు. ప్రతి బండిమీదా తెల్లరంగుతో ఓ కేసు నెంబరు.

మా మరిది మనసు పారేసుకున్నది ఓ మెరూన్ రంగు స్కూటరు మీద. సీటు చిరిగింది. బ్యాటరీ వుందో లేదో తెలీదు. తాళంచెవి మాత్రం లేదు. సర్కారువారి పాట 12,000 రూపాయలు. "కొత్తదైతే లక్ష వదినగారూ!" అన్నాడు. మగవాళ్ళు లెక్క ఎప్పుడూ మిగిలేదాన్నించి మొదలెడతారు. మా చెల్లెలు చిరిగిన సీటు కేసి చూస్తోంది.

నేను స్కూటరు చూళ్ళేదు. దాని పక్కనున్న ఆటో చూశాను. అద్దంమీద "అమ్మ దీవెన" అని వంకర అక్షరాలు. ముందు కడ్డీకి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ ఎండి నల్లబడి యింకా వేళ్ళాడుతున్నాయి. "యిది ఎవరిదండీ?" అని రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ గుమాస్తాగారిని అడిగాను.

"నాటుసారా కేసు బండమ్మా."

"మనిషెవరు?"

"మనిషి కేసు కోర్టులో నడుస్తోంది. అది వేరు. బండి కేసు మా దగ్గర అయిపోయింది."

"బండికి వేరే కేసుంటుందా!"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఆర్సీ వాళ్ళావిడ పేరున వుంది. డ్వాక్రా అప్పు తీసుకుని కొందిట. నోటీసిచ్చాం, వచ్చి ఏడ్చింది. ఏం చేస్తాం? సారా ఎక్కింది బండిలోనే గదా" అన్నాడు. మంచివాడే పాపం. తాగటానికి మంచినీళ్ళు కూడా తెప్పించాడు.

మనిషి కేసు వేరు, బండి కేసు వేరు. ఆ మాట పట్టుకుని యింటికొచ్చాను. నేను చదివింది బి.ఏ., లా కాదు. అయినా చరిత్ర పుస్తకాలు తిరగేసేకొద్దీ తెలిసిందేమిటంటే, గుమాస్తాగారు చెప్పింది ఆయన సొంతమాట కాదు. దానికి చాలా వందల ఏళ్ళ వంశవృక్షం వుంది.

బైబిల్లో మనిషిని పొడిచి చంపిన ఎద్దును రాళ్ళతో కొట్టి చంపాలనీ, దాని మాంసం తినకూడదనీ వుంది. అంటే ఎద్దుకి శిక్ష. ఇంగ్లండులో యింకో రకం ఆచారం వుండేది. బండి కిందపడి మనిషి చనిపోతే ఆ బండి, గుర్రం తంతే ఆ గుర్రం రాజుగారికి పోవాలి. దాన్ని 'డియొడాండ్' అన్నారు. దేవుడికి యివ్వవలసింది అని అర్థం. దేవుడి పేరు చెప్పి రాజు పుచ్చుకునేవాడన్నమాట! పోనుపోను బండికి బదులు దాని ఖరీదు కట్టించుకునేవారు. ఆ ఖరీదెంతో జ్యూరీవాళ్ళు తేల్చేవారు.

ఏ యెడ్లబండికో అయితే ఏదో సరిపెట్టుకున్నారుగానీ, రైలుబండి వచ్చాక ఈ ఆచారానికి చిక్కొచ్చింది. 1841 క్రిస్మస్ ముందురోజు సోనింగ్ అనేచోట మట్టిపెళ్ళలు విరిగి పట్టాలమీద పడ్డాయి. గ్రేట్ వెస్టర్న్ కంపెనీ రైలు వాటిని గుద్దుకుంది. పైకప్పులేని మూడో తరగతి పెట్టెల్లో పండక్కి యిళ్ళకి పోతున్న కూలివాళ్ళు చనిపోయారు. జ్యూరీవారు ఆ యింజనుకీ పెట్టెలకీ కలిపి 1,000 పౌన్ల డియొడాండ్ వేశారు. రైలు కంపెనీలు లబోదిబోమన్నాయి. చివరికి 1846లో పార్లమెంటు ఆ ఆచారాన్ని ఎత్తేసింది. అదే ఏడాది యింకో చట్టం తెచ్చింది. ఒకరి తప్పువల్ల మనిషి చనిపోతే అతని భార్యాబిడ్డలకీ, తల్లిదండ్రులకీ పరిహారం యివ్వాలని. చూశారా, అంతవరకూ బండి ఖరీదు రాజుగారి ఖజానాకి పోవటానికి చట్టం వుందిగానీ, విధవరాలైన దానికి దమ్మిడీ యిప్పించే చట్టం లేదు.

నేలమీద బండి సంగతి యిదైతే నీళ్ళమీద ఓడ సంగతి యింకా ముదిరింది. 1660లో ఇంగ్లీషువాళ్ళు నౌకా చట్టం ఒకటి చేశారు. తమ వలసరాజ్యాలకి పరాయి ఓడల్లో సరుకు రాకూడదని. వస్తే ఓడా సరుకూ రెండూ జప్తు. వచ్చినదాంట్లో మూడోవంతు రాజుకి, మూడోవంతు అక్కడి గవర్నరుకి, మిగతా మూడోవంతు పట్టిచ్చినవాడికి. పట్టిచ్చినవాడికి వాటా పెడితే పట్టుకోటానికి హుషారెలా వస్తుందో నేను చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో ఓడల్ని వేలం వేసే తీరు కూడా తమాషాగా వుండేది. అంగుళం కొవ్వొత్తి వెలిగించేవారు. అది ఆరిపోయేలోపల చివరగా ఎవరు అరిస్తే వాళ్ళదే ఓడ. నౌకాశాఖలో ఉద్యోగం చేసిన శామ్యూల్ పీప్స్ అనే ఆయన తన డైరీలో యిది రాసుకున్నాడు. 1660 నవంబరులో రెండు పాత ఓడలు అలా అమ్మారట. ఒకటి 1,300 పౌన్లకి, ఒకటి 830 పౌన్లకి పోయింది. చివర్లో అందరూ ఒక్కసారే అరిచేసరికి ఆఖరు కేక ఎవరిదో తేల్చటానికి నానా తంటాలు పడ్డామని రాశాడు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ అలాంటి వేలంలో ఒకడు ప్రతిసారీ సరిగ్గా ఆఖరి క్షణంలో కేక వేసి పాట కొట్టేస్తున్నాడు. కిటుకేమిటని అడిగితే, కొవ్వొత్తి ఆరిపోయే ముందు పొగ పైకి పోకుండా కిందికి దిగుతుందీ, అది కనిపెట్టి అరుస్తానూ అన్నాడట! అందరూ ఓడ కేసి చూస్తుంటే వాడొక్కడు పొగ కేసి చూశాడు.

ఇంతకీ ఓడ కేసు వేరు, మనిషి కేసు వేరు అనటానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ అమెరికాలో బోస్టన్ రేవుది. జాన్ హాంకాక్ అని గొప్ప షావుకారుండేవాడు. తర్వాత 1776లో స్వాతంత్ర్య ప్రకటనమీద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది ఆయనే. ఆయన ఓడ పేరు 'లిబర్టీ', అంటే స్వేచ్ఛ. సుంకం కట్టకుండా రాత్రికి రాత్రి మదీరా ద్రాక్షసారా దింపేశారన్న అభియోగంమీద 1768 జూన్ 10న సుంకాలవాళ్ళు ఆ ఓడని పట్టుకున్నారు. ఊళ్ళో గొడవలయ్యాయి. సుంకం అధికారులు ప్రాణాలరచేత పట్టుకుని సముద్రంలో వున్న కోటలోకి పారిపోయారు. ఓడమీద కేసు నడిచింది. ఓడ జప్తయిపోయింది. హాంకాక్ మీద విడిగా కేసు పెట్టారు. ఆయన తరఫున వాదించింది జాన్ ఆడమ్స్, తర్వాత ఆ దేశానికి రెండో అధ్యక్షుడైనాయన. 1769లో ప్రభుత్వం ఆ కేసు వెనక్కి తీసుకుంది.

మనిషిమీద కేసు పోయింది. మరి ఓడ? తిరిగి రాలేదు. అప్పటికే సుంకాలవాళ్ళు దాన్ని తమ కాపలా ఓడగా పెట్టుకుని, యితరుల ఓడల్ని పట్టుకోటానికి దానిమీదే తిరుగుతున్నారు. 1769 జులైలో న్యూపోర్టు రేవులో జనం కోపం పట్టలేక దాన్ని తగలబెట్టారు. స్వేచ్ఛ అనే పేరున్న ఓడకి పట్టిన గతి యిది.

విచిత్రం ఏమిటంటే, ఇంత గొడవపడి స్వాతంత్ర్యం తెచ్చుకున్న అమెరికావాళ్ళు ఆ పద్ధతిని మాత్రం వదిలిపెట్టలేదు. యజమాని తప్పుచేశాడా లేదా అన్నది కాదు, ఓడే నేరస్థురాలు అని వాళ్ళ సుప్రీంకోర్టు పందొమ్మిదో శతాబ్దంలోనే తీర్పులు చెప్పింది. మద్యనిషేధం వచ్చాక ఓడల చోట కార్లొచ్చాయి. 1920 నుంచి 1933 వరకూ అక్కడ నిషేధం. సారా దొరికిన బండిని పట్టుకుని, కోర్టు ఉత్తరువుతో బహిరంగ వేలం వెయ్యమని 1919 నాటి చట్టంలోనే రాసుకున్నారు. ఆ కేసుల పేర్లు చదువుతుంటే నాకు నవ్వాగలేదు. ఒక దావాకి 'అమెరికా సంయుక్త రాష్ట్రాలు వర్సెస్ ఒక 1936 మోడలు ఫోర్డు వి-8 కారు' అని పేరు! యింకోటి 1965లోది, 'ఒక 1958 ప్లిమత్ సెడాన్ వర్సెస్ పెన్సిల్వేనియా'. అందులో పోలీసులు వారంటు లేకుండా సోదా చేశారు కనక ఆ సాక్ష్యం చెల్లదని సుప్రీంకోర్టు అంది. ప్లిమత్ గెలిచింది. బోనులో నిలబడ్డ కారుని ఊహించుకోండి.

ఊహించుకుని నవ్వుకుంటూ పేజీ తిప్పితే మిషిగన్ రాష్ట్రం కేసు కనిపించింది. ఆ నవ్వు అక్కడ ఆగిపోయింది.

1988లో డెట్రాయిట్ నగరంలో ఒకతను డబ్బు పుచ్చుకునే స్త్రీతో కారులో పోలీసులకి దొరికాడు. ఆ కారు భార్యాభర్తలిద్దరి పేరునా వుంది. 600 డాలర్లు పెట్టి కొన్న 1977 నాటి పాత పాంటియాక్. భర్త చేసిన పనికి కారు 'ప్రజలకి బాధ కలిగించే వస్తువు' అని తేల్చి జప్తు చేశారు. భార్య కోర్టుకెళ్ళింది. "ఆయన అలాంటి పనికి వాడతాడని నాకు తెలీదు, అందులో నా వాటా నాకివ్వండి" అంది. ఆమె అడిగింది ఎంత? సగం. ఖర్చులు పోను అంత పాతబండిలో మిగిలేదేముంది లెమ్మన్నాడు కింది కోర్టు జడ్జీ. వాళ్ళకి యింకో కారుందన్న మాట కూడా వచ్చింది. ఆమె వదల్లేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1996 మార్చిలో తీర్పు వచ్చింది. ఐదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఆమె ఓడిపోయింది. యజమానికి తెలియకపోయినా బండి పోతుందన్నది పాత ఓడల కాలం నుంచీ స్థిరపడ్డ విషయమేనన్నారు.

అప్పటికి ఆ కోర్టులో తొమ్మిదిమందిలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. శాండ్రా డే ఓ'కానర్, రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. ఇద్దరూ ఆ ఐదుగురిలోనే వున్నారు. నేను ఆ పేజీ రెండుసార్లు చదివాను. ఆడవాళ్ళు కనక ఆడదాని పక్షం వుండాలని నేననను, జడ్జీలన్నాక చట్టం చూడాలి. కానీ మొగుడి నడవడికి పెళ్ళాం పూచీపడాలన్నమాట ఏ దేశంలో అయినా ఎంత తేలిగ్గా చెల్లుబాటవుతుందో! 2000లో అక్కడి కేంద్ర చట్టంలో నిర్దోషి అయిన యజమానికి రక్షణ పెట్టారు. 2019లో గిన్స్‌బర్గే యింకో తీర్పు రాసింది. 10,000 డాలర్లకి మించి జరిమానా లేని నేరానికి 42,000 డాలర్ల కారు లాక్కోవటంమీద వచ్చిన కేసు అది. మితిమీరిన జరిమానాలు కూడదన్న రాజ్యాంగ నియమం రాష్ట్రాలకీ వర్తిస్తుందని తొమ్మిదిమందీ ఒక్కమాటమీద అన్నారు. మిషిగన్ ఆవిడ పాంటియాక్ మాత్రం పోయిందే.

మన సంగతి? మన చట్టాలు అంత మొండివి కావు, యజమాని మాట వింటాయి. మాదకద్రవ్యాలమీద 1985లో వచ్చిన చట్టమే చూడండి. బండి జప్తు కాకూడదంటే యజమాని రుజువు చేసుకోవాలి. ఏమని? తనకి తెలీదని. అంతేనా? తన తరఫున బండి నడిపే మనిషికీ తెలీదనీ, ఇద్దరూ తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారనీ. ఇప్పుడు యజమాని స్థానంలో భార్యనీ, నడిపే మనిషి స్థానంలో భర్తనీ పెట్టి మళ్ళీ చదవండి. సరుకు ఎక్కించినవాడే ఆయనైతే "ఆయనకి తెలీదు" అని ఆవిడ ఎలా రుజువు చేస్తుంది?

ఇక్కడ నాకో చిక్కు వచ్చిపడింది. సారాని వూళ్ళోంచి తరిమింది ఆడవాళ్ళే గదా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన కదలిక జిల్లా అంతా పాకింది. ఏటా సారా దుకాణాల హక్కుని సర్కారు వేలం వేసేది. ఆడవాళ్ళు వెళ్ళి ఆ వేలంపాటలకే అడ్డుపడ్డారు. పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, అది 1997లో సడలింది. సారా మోసే బండిని వదిలెయ్యమని ఆ తల్లుల ముందు నేననగలనా? అనలేను. బండి పట్టుకోకపోతే రేపు అదే బండిలో మళ్ళీ సారా వస్తుంది. కానీ సారా వేలానికి అడ్డుపడ్డ తల్లిలాంటిదే ఒకతె, పదిమందితో గ్రూపులో చేరి వారం వారం పొదుపు కట్టి ఆటో కొంటే, యిప్పుడు వేలంలో అది పోతోంది. పాత వేలంలో సర్కారుకి డబ్బొచ్చింది, ఈ వేలంలోనూ వస్తుంది.

పట్టుకున్న బండ్లు స్టేషన్లలో పడి కుళ్ళిపోతున్న సంగతి మన సుప్రీంకోర్టు కూడా చూసింది. 2002లో గుజరాత్ నుంచి వచ్చిన కేసులో, బండ్లని ఏళ్ళ తరబడి వుంచకండి, ఫొటోలు తీసి, పూచీకత్తు తీసుకుని యజమానికిచ్చెయ్యండి, ఎవరూ రాకపోతే వేలం వెయ్యండి అంది. 2010లో మన ఆంధ్రప్రదేశ్‌మీదే భీమా కంపెనీలవాళ్ళు వేసిన కేసులో మళ్ళీ అదే గట్టిగా చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేరవిచారణ చట్టంలో దీనికి గడువులే పెట్టారు. కోర్టు ముందుకొచ్చిన వస్తువుకి 14 రోజుల్లో వివరాల పట్టీ, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చెయ్యాలో ఉత్తరువు. అయినా దొడ్లలో తీగలు పాకుతూనే వున్నాయి.

మర్నాడు వేలానికి వెళ్ళాం. వెళ్ళను అనుకుంటూనే నేనూ వెళ్ళాను.

వేలాన్ని పాట అంటాం మనం. వేలం అనే మాటే పోర్చుగీసువాళ్ళ 'లెయిలావ్' నుంచి వచ్చిందని నిఘంటువులవాళ్ళంటారు. హిందీలో నీలామ్ కూడా దాని సంతానమే. మాట వాళ్ళదైనా దానికి పాట తగిలించింది మాత్రం మనమే. సర్కారువారి పాటతో ఎత్తుకుంటారు, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మా మరిది ధరావతు కట్టి చీటీ పట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. పాట దక్కితే మిగతా సొమ్ము కట్టి అమ్మకం ఉత్తరువు పుచ్చుకోవాలి. బండి చేతికొచ్చిన 30 రోజుల్లోగా ఫారం 32తో రవాణాశాఖకి దరఖాస్తు పెట్టుకుంటేనే పేరు మారుతుంది. ఇవన్నీ రాత్రి ఆయనే నాకు పాఠం చెప్పాడు.

తీరా చూస్తే అక్కడ పదిమంది పాత బండ్ల వ్యాపారులున్నారు. వాళ్ళలో వాళ్ళు పోటీపడటం లేదు. ఒకరు పాడితే తొమ్మిదిమంది ఆకాశంకేసి చూస్తారు. బయటివాడు నోరు విప్పితే మాత్రం అందరూ కలిసి ధర ఎగరేస్తారు. ఇలాంటి కుమ్మక్కుని అరికట్టటానికి ఇంగ్లండులో 1927లో చట్టమే చేశారు, అంటే అక్కడా యిదే తంతు జరిగిందన్నమాట. మా మరిది 12,500 అన్నాడు. రెండు నిమిషాల్లో స్కూటరు 19,000కి పోయింది. కొన్నవాడు ఆయన దగ్గరికొచ్చి చిన్నగా, "సార్, మూడువేలిచ్చుకోండి, యిచ్చేస్తా" అన్నాడు. మా చెల్లెలు మొగుడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

ఆటో పాట వచ్చింది. గేటు పక్కన గోడకానుకుని ఓ మనిషి నిలబడి వుంది. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో మడతలుపెట్టిన కాగితాలు. ఆవిడేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. 31,000కి మూడోసారి కొట్టేశారు. వ్యాపారి తాలూకు కుర్రాడు ముందుగా చేసిన పని, ఎండిన నిమ్మకాయా మిరపకాయలూ పీకి పారెయ్యటం.

బయటికొస్తూ నేనే పలకరించాను. "ఆ డబ్బులోంచి అప్పు తీరుస్తారేమోనని అడుగుదామని వచ్చానమ్మా. అప్పు గ్రూపుది, దాంతో మాకు సంబంధం లేదన్నారు" అంది. "యింకా పదకొండు వాయిదాలున్నాయి."

బస్సు దొరకలేదు. ఆటో ఎక్కాం. కొంతదూరం ఎవరం మాట్లాడలేదు. లెవెలు క్రాసింగు దగ్గర గేటు వేసి వుంటే బండి ఆగింది. మా చెల్లెలు వున్నట్టుండి ముందుకి వంగి, "బాబూ, యీ బండి ఎవరి పేరున వుంది?" అని అడిగింది.

"మా ఆవిడ పేరునండీ" అన్నాడతను వెనక్కి తిరక్కుండానే. "ఏమ్మా, ఎందుకూ?"